పదమూడో నిమిషం

"మూడు చుక్కలు వెయ్యడమేగా, ఐదు నిమిషాల పని" అన్నాడు మా ఆయన వేణుమాధవ్, బూటు లేసు కట్టుకుంటూ. ఆ లేసు కట్టుకోవడానికి ఆయనకి నాలుగు నిమిషాలు పట్టింది. నేను గడియారం చూసే చెబుతున్నాను. ఏ పనికి ఎంతసేపు పడుతుందో చూడటం నా వృత్తి.

మా అత్తగారు శారదాంబ గారికి పదిరోజుల కిందట కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. మూడు రకాల చుక్కల మందులిచ్చారు. ఒకటి వేశాక ఐదు నిమిషాలు ఆగి రెండోది, ఇంకో ఐదు ఆగి మూడోది వెయ్యాలి. వెంటవెంటనే వేస్తే ఒకదాన్ని ఇంకొకటి తోసేసి మందంతా చెంప మీదికి జారిపోతుంది, కంటికి కన్నీళ్లే మిగులుతాయి. చుక్క వెయ్యడం క్షణమే, కాసుకోవడానికే పది నిమిషాలు. దానికి ముందు నా చేతులు కడుక్కోవడం, ఆవిడ పడుకోవడం, పడుకున్నాక దిండు ఎత్తు సరిపోలేదనడం, పత్తి డబ్బా దగ్గర పెట్టమనడం అన్నీ కలిపితే పద్దెనిమిది. ఇలా రోజుకి నాలుగుసార్లు. ఈ పదిరోజుల్లో మా ఆయన వేసిన చుక్కలు సున్నా. వేసిన అంచనా మాత్రం ఐదు నిమిషాలు. మా ఇంట్లో ఏ పనికి ఎంతసేపు పడుతుందో ఆ పని చెయ్యనివాళ్లే తేలుస్తారు. ఇడ్లీ పిండి ఐదు నిమిషాలు, బట్టలు మడతెయ్యడం ఐదు నిమిషాలు, ఆయన స్నేహితులు నలుగురొస్తే బజ్జీలు ఐదు నిమిషాలు. ఆ లెక్కన నేను ఉదయం ఆరింటికి లేచి ఆరున్నరకల్లా ఖాళీ అయిపోవాలి. తక్కిన రోజంతా ఏం చేస్తున్నానో మా ఆయనకి నిజంగానే అర్థం కాదు పాపం.

మేముండేది సంతోష్‌నగర్‌లో. సంతోషం పేరులో ఉంది, నగరం చుట్టూ ఉంది, మధ్యలో మేమున్నాం. అత్తగారు దేవుడికి ఒత్తులు చేసుకుంటారు, నేను జీతానికి ఒత్తిడి లెక్కలు చేసుకుంటాను. గ్యాస్‌ని బిగించి దాచే దళసరి ఉక్కు ట్యాంకుల్ని పరీక్షచేసి కంచన్‌బాగ్ రక్షణ ల్యాబులకి అందించే ఒక చిన్న ప్రైవేటు కంపెనీలో సీనియర్ టెక్నికల్ ఆఫీసర్ని. నేను ఆఫీసర్నే, కానీ ఆఫీసులో సర్లు వేరే ఉన్నారు. ట్యాంకులతో పని, థ్యాంకులు లేని పని. ఒక ట్యాంకులోంచి ఇంకో ట్యాంకులోకి గ్యాస్ చేరి, రెండింట్లోనూ ఒత్తిడి సమం కావడానికి ఎంతసేపు పడుతుందో ముందుగా లెక్కకట్టి చెప్పాలి. "ఇంట్లోనూ గ్యాసే, ఆఫీసులోనూ గ్యాసే, నీకేంటే తేడా" అని పెళ్లైన కొత్తలో మా ఆయన ఒక జోకు వేశాడు. అదే జోకు ఇప్పటికీ వేస్తున్నాడు. జోకులకి కూడా రిటైర్మెంటు ఉంటుందని ఆయనకెవరూ చెప్పలేదు. నేను తిరిగి జోకు వేస్తే మాత్రం అత్తగారు "దీని నోటికి వాల్వు లేదమ్మా" అంటారు. నా నవ్వు కాస్త పెద్దది లెండి. ఎదురింటి వరండాలో వినిపిస్తుంది.

ఆ రోజు టెస్టు పదకొండింటికి. కస్టమర్ తరఫున ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు చూడటానికి వస్తున్నారు. మొదటి ట్యాంకులో నైట్రోజన్ రెండు వందల పాయింట్ల ఒత్తిడి మీద ఉంటుంది, రెండోది ఖాళీ. రెండింటినీ కలుపుతూ ఒక సన్నని పైపు, దాని పక్కనే ఒక పెద్ద పైపు ఉన్నాయి. ముందు సన్నదాన్ని తెరిచి గ్యాస్‌ని నెమ్మదిగా అటు పోనివ్వాలి. రెండు ట్యాంకులూ చెరో వంద దగ్గర సమం అయ్యాకే పెద్దదాని వాల్వుని చేత్తో తిప్పి తెరవాలి. సమం కాకముందే తెరిస్తే గ్యాస్ ఒక్కసారిగా తన్నుతుంది. ఆ పెద్ద పైపు మధ్యలో మెలితిరిగే స్టీలు హోస్ ఒకటుంది. అది ఊడితే గదిలో ఎవరున్నారో చూసుకోకుండా కొడుతుంది. గదిలో ఉండేది మల్లన్న. దబీర్‌పురా నుంచి సైకిలు మీద వచ్చే మా సీనియర్ టెక్నీషియన్. ఆ వాల్వు చక్రం సరిగ్గా అతని మొహం ఎత్తున ఉంటుంది.

రెండో ట్యాంకు మీటరు క్యాలిబ్రేషన్‌కి పోయింది, అది మర్నాటికి గానీ రాదు. ఉన్నదల్లా మొదటి ట్యాంకు మీటరొక్కటే, అదీ పాతది. అందుకని ఆ రోజుకి గడియారమే గతి, గడియారానికి నా లెక్కే గతి. ముందురోజు మధ్యాహ్నమంతా కూర్చుని మూడుసార్లు కట్టాను. ఇరవై రెండు నిమిషాలని తేలింది. అందులో విశేషమేమిటంటే, మొదటి పదకొండు నిమిషాలూ గ్యాస్ ఆ సన్నదారిలో గొంతు చించుకుని హోరుమంటుంది. అవతలి ట్యాంకు సగానికి పైగా నిండాక హోరు తగ్గి, చప్పుడన్నదే వినిపించదు. కానీ పారడం ఆగదు. ఇంకో పదకొండు నిమిషాలు చడీచప్పుడూ లేకుండా పారుతూనే ఉంటుంది. అది కాగితం మీద రాసి, సంతకంపెట్టి, మా డివిజన్ హెడ్ నగేష్ గారి టేబుల్ మీద పెట్టి ఇంటికెళ్లాను.

టెస్టు రోజు పొద్దున మూడో చుక్క అత్తగారి కంట్లో పడి, నేను చెప్పులేసుకునేసరికి తొమ్మిదీ యాభై. ఫోన్‌లో నగేష్ గారి మెసేజ్ ఉంది: ఇన్‌స్పెక్టర్లు ముందే వచ్చారు, టెస్టు పదిన్నరకే. చౌరస్తాలో ఆటో కదల్లేదు. కంపెనీ గేటు దాటి కంట్రోల్ రూములోకి పరిగెత్తేసరికి పదీ ముప్పై ఐదు. సన్నపైపు తెరిచి ఐదు నిమిషాలైపోయింది. గోడవతల గ్యాస్ హోరు వినిపిస్తోంది. ఇన్‌స్పెక్టర్లిద్దరూ టీ తాగుతున్నారు. బోర్డు మీద టెస్టు షీటు అంటించి ఉంది.

సమం కావడానికి పట్టే సమయం: 13 నిమిషాలు. లెక్క కట్టినది: బి. హైమవతి.

హైమవతిని నేనే. పన్నెండేళ్లుగా నేను కట్టిన ప్రతి లెక్క కిందా నగేష్ గారి పేరే అచ్చవుతోంది. అలవాటైపోయింది. మొట్టమొదటిసారి నా పేరు అచ్చయింది, అదీ ఆయన కట్టిన లెక్క కింద. నవ్వొచ్చింది గానీ, బయటికి రాలేదు.

"సర్, ఇది ఇరవై రెండు" అన్నాను, ఆయన పక్కకి వెళ్లి.

నగేష్ గారి పేరులో నగవుంది, మొహంలో లేదు. "చూశానండీ మీ లెక్క. మరీ చాదస్తంగా ఉంది. మొన్న నిమిషంసేపు చేసిన ట్రయల్లో మీటరు ఎనిమిది పాయింట్లు దిగిందా లేదా? మొత్తం వంద దిగాలి. వందని ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. సేఫ్టీ కోసం అర నిమిషం నేనే కలిపాను."

"మొదటి నిమిషంలో పోయిన వేగంతో చివరిదాకా పోదు సర్. అవతల నిండేకొద్దీ మెల్లబడుతుంది."

"మల్లన్న చెవిని అడగండి. పదకొండు, పన్నెండుకల్లా చప్పుడే ఉండదు. ఇరవయ్యేళ్ల చెవండీ అది. లంచ్ లోపల రెండు రన్నులు చూపించాలి వీళ్లకి. మీరు ఒక్కోదానికి ఇరవై రెండంటే ఎలా?" తర్వాత గొంతు తగ్గించారు. "మీ ప్రమోషన్ ఫైలు నా దగ్గరే ఉంది. ఇవాళ ఇన్‌స్పెక్టర్ల ముందు మీ గొంతు వినిపించొద్దు."

అదీ అసలు చిక్కు. ఆయన లెక్క తప్పే, కానీ ఆ తప్పుకి సాక్ష్యం పలికేవాళ్లు చుట్టూ ఉన్నారు. పన్నెండో నిమిషానికి చప్పుడు నిజంగానే పోతుంది. పదమూడుకి తలుపు తియ్యమంటే ఎవరికీ అనుమానం రాదు. ఇన్నేళ్లూ ఇక్కడ చిన్న ట్యాంకులే పరీక్ష చేశారు. వాటిల్లో చప్పుడాగాక మిగిలేది ఒక నిమిషమో, అర నిమిషమో. అందరూ చెవి లెక్కకి అలవాటుపడ్డారు. ఇంత పెద్ద ట్యాంకులు మా షెడ్డుకి రావడం ఇదే మొదలు. నగేష్ గారు జన్మలో గ్యాస్ కొట్టడమే తప్ప గ్యాస్ లెక్క కట్టినవారు కారు. అయినా ఆ నిమిషంలో ఆయన మొహంలో ఉన్న ధీమా చూస్తే నాకే నా మీద సందేహం వచ్చింది. నిజం చెబుతున్నాను. పైపు లోపలి వెడల్పు సరిగా వేశానా? ఎక్కడైనా రెండుతో భాగించడం మర్చిపోయానా? నలభై ఆరేళ్లలో నా లెక్క తప్పని నేను అనుకున్నన్నిసార్లు, అది తప్పవలేదు. ఇంట్లో కూడా అంతే. ఉప్పు ఎక్కువైందని ఎవరైనా అంటే, ముందు నా నాలుకనే అనుమానిస్తాను. కాకపోతే ఇక్కడ లెక్క తప్పితే కూర పాడవదు, మనిషి పోతాడు.

అప్పుడు మా ఆయన నుంచి మెసేజ్ వచ్చింది. "సాయంత్రం మావాళ్లు నలుగురొస్తున్నారు. బజ్జీలు. ఐదు నిమిషాల పని." ఫోన్ సంచిలో పడేసి బయటికి నడిచాను.

ట్యాంకుల గది చుట్టూ దళసరి కాంక్రీటు గోడ, దానికి ఒకటే ఇనుప తలుపు. పెద్ద వాల్వు తెరిచే మనిషి జేబులోనే ఆ తలుపు తాళంచెవి ఉండాలనేది మా దగ్గర కట్టుబాటు. అతను తప్ప ఇంకెవరూ లోపలికెళ్లకూడదని. తలుపు పక్కన, గోడకి ఇవతల, మొదటి ట్యాంకు మీటరు. పెద్ద పళ్లెమంత గుండ్రటి డయల్. మల్లన్న చెవి గోడకి ఆనించి నిలబడి ఉన్నాడు. హోరు సన్నబడుతోంది. నేను చూస్తుండగానే, అంటే వింటుండగానే, పూర్తిగా పోయింది.

"అయిపాయె" అన్నాడు మల్లన్న, జేబులోంచి తాళంచెవి తీస్తూ. "నగేష్ సార్ చెప్పినట్టే అయింది మేడమ్. ఇంకొక్క నిమిషం."

"మల్లన్నా, తలుపు తియ్యకు. ఇంకా పది నిమిషాలుంది."

"ఏంది మేడమ్, గట్లంటరు? కాయితం మీద పదమూడుంది. మీ పేరే ఉంది."

"పేరు నాది, అంకె నాది కాదు."

అతను నా వైపు అదోలా చూశాడు. నేను మామూలుగా ఏం మాట్లాడినా మాటల గారడీ ఉంటుందని అతనికి తెలుసు. "మజాక్ జేస్తున్నరా?" అన్నాడు.

"లేదు."

స్పీకర్లో నగేష్ గారి గొంతు మోగింది. "మల్లన్నా, పదమూడు అయింది. తలుపు తియ్."

నేను తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను. ఇనుము చల్లగా ఉంది. గోడ అవతల ఒక్క చప్పుడూ లేదు. అంత నిశ్శబ్దంలో గ్యాస్ పారుతోందంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు, అతనెందుకు నమ్మాలి?

"జరగండి మేడమ్. సార్ పిలుస్తుండు. నా నౌకరీతోటి లొల్లి పెట్టకుండ్రి."

"మీటరు చూడు. వంద దగ్గరుండాలి కదా. నూట ఇరవై రెండు చూపిస్తోంది."

"అది ముసలి మీటర్ మేడమ్. ఎప్పుడూ ఎక్కువనే జూపిస్తది. ముల్లు ఆగింది సూడుండ్రి."

ముల్లు నిజంగానే ఆగినట్టుంది. నాలుగు వందల పాయింట్ల డయల్ మీద నిమిషానికి నాలుగు పాయింట్లంటే ఏ కంటికి ఆనుతుంది? గీత పెడదామంటే చేతిలో పెన్ను లేదు, సంచీ కంట్రోల్ రూములో ఉంది. నా చెయ్యి నుదుటి మీదికి పోయింది. స్టిక్కర్ బొట్టు. పీకి, మీటరు అద్దం మీద సరిగ్గా ముల్లు కొన దగ్గర అంటించాను.

"నన్ను నమ్మొద్దు మల్లన్నా. నగేష్ గారినీ నమ్మొద్దు. ఒక్క నిమిషం దీన్ని చూడు. మీటరు ముసలిదైతే తప్పు అంకె చూపించొచ్చు. కానీ గ్యాస్ ఆగిపోయి ఉంటే ముల్లు కదలకూడదు కదా?"

అతను మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కళ్లు చికిలించి, డయల్‌కి జానెడు దూరంలో మొహం పెట్టాడు. స్పీకర్ మళ్లీ మోగింది. అతను కదల్లేదు. బొట్టు అంచున ముల్లు కొన. కదిలిందా? లేదు. నా వాచీలో సెకన్ల ముల్లు గిరగిరా తిరుగుతోంది గానీ, అసలు తిరగాల్సిన ముల్లు బొట్టు పెట్టుకుని పేరంటానికొచ్చిన ముత్తైదువలా కూర్చుంది. ముప్పై సెకన్లు. నలభై. నా లెక్క తప్పేనేమో, పన్నెండేళ్లుగా ఆయన పేరు కింద పోయినవన్నీ కూడా తప్పులేనేమో...

"మేడమ్" అన్నాడు మల్లన్న, చాలా మెల్లగా. "బొట్టు దాటి కిందికొచ్చింది."

నేను వంగి చూశాను. బొట్టుకీ ముల్లుకీ మధ్య గోరంత ఖాళీ.

"సప్పుడు లేకుంటనే దిగుతుంది" అన్నాడు. తాళంచెవిని అరచేతిలో ఓసారి చూసుకున్నాడు. "నేను లోపటికి పోయి చక్రం తిప్పేటోణ్ని." తాళంచెవి జేబులో వేసుకుని, గోడ పక్కనున్న డ్రమ్ము మీద కూర్చున్నాడు. "ఇగ ముల్లు ఆగేదాంక నేను లేవ."

నగేష్ గారు వచ్చారు, వెనకాల ఇన్‌స్పెక్టర్లిద్దరూ. ఆయన ముందు నా నుదురు చూశారు. "బొట్టేదండీ?" అన్నారు. మీటరు ఆ తర్వాత చూశారు. నేను ఇన్నేళ్లు చదివిన చదువుకి వరసలో రెండో స్థానం దక్కింది.

"మల్లన్నా, లేవయ్యా. మూడు నిమిషాలు లేటయింది."

"ముల్లు తిరుగుతుంది సార్."

"నేను చెబుతున్నాను కదా!"

"మీరు చెప్తున్నరు సార్, ముల్లు వేరే చెప్తుంది. మస్తు ఫికర్ ఉంటే మీరే పొండ్రి లోపటికి. తాళం ఇస్త."

ఇన్‌స్పెక్టర్లలో చిన్నాయన దగ్గాడు. అది నవ్వో దగ్గో తెలియలేదు. నగేష్ గారు తాళంచెవి తీసుకోలేదు. నాకేసి తిరిగి, "హైమవతి గారూ, ఈ సీన్‌కి జవాబు మీరే చెప్పాలి" అన్నారు. తలుపుకి ఆనుకున్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే నేనే సమం అయిపోయేదాన్ని, నేలతో. కదలకుండా నిలబడటం ఒక్కటే నా వల్ల అయింది. ముల్లు నూటపదికి వచ్చింది. నూటఐదు. అక్కడినుంచి చివరి ఐదు పాయింట్లకీ నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ ఐదుగురు మనుషులు ఒక బొట్టు బిళ్ల కేసి చూస్తూ నిలబడ్డారు.

పదీ యాభై రెండుకి ముల్లు వంద దగ్గర ఆగింది. ఇంకో నిమిషం చూశాం, కదల్లేదు. మల్లన్న లేచి, లుంగీ దులుపుకున్నట్టు ప్యాంటు దులుపుకుని, "జరుగుతరా మేడమ్?" అన్నాడు. ఈసారి జరిగాను. లోపలికెళ్లి పెద్ద వాల్వు తిప్పాడు. చక్రం వెన్నలో కత్తిలా తిరిగింది. హోస్ కనీసం ఊగలేదు. బయటికొచ్చి తలుపు వేసి, నీళ్ల సీసా మూత తీసి ముందు నాకిచ్చాడు.

ఇన్‌స్పెక్టర్లు కంట్రోల్ రూములోకి వెళ్లారు. వాళ్లకి నగేష్ గారు చెబుతున్నది గోడ ఇవతల వినిపిస్తూనే ఉంది: "మా ప్రొసీజర్ చాలా స్ట్రిక్టండీ, తొందరపడం." తర్వాత లాగ్ బుక్కు పట్టుకుని నా దగ్గరికొచ్చారు. పేజీలకి అంకెలు వేసిన లావుపాటి పుస్తకం. అందులో కాగితం చింపడానికుండదు, కొట్టివేతకి సంతకం కావాలి. ఆయన మొహం మెత్తబడింది.

"పదిన్నరకి మొదలు, పదీ యాభై రెండుకి సమం అని రాసెయ్యండి చాలు. షీటు నేను మార్పిస్తాను. మీ ఫైలు కూడా ఇవాళే కదుపుతాను."

"పదీ నలభై మూడుకి ఏం రాయను?"

"అప్పుడేం జరిగిందండీ? ఏమీ జరగలేదుగా. జరగనిది ఎవరైనా రాస్తారా?"

కోపంగా అనలేదు ఆయన. నిజంగానే అడిగారు. అదే నన్ను ఆపింది. మా ఆయన కూడా ఇలాగే అడుగుతాడు, ఏ దురుద్దేశమూ లేకుండా. ఇంట్లో పొద్దుటినుంచీ ఏం జరిగిందని. ఏమీ జరగలేదు. అత్తగారి కన్ను చీము పట్టలేదు. ఆయన బీపీ మాత్ర ఏ రోజూ తప్పిపోలేదు. ఇరవయ్యేళ్లలో ఆ ఇంట్లో జరగని ప్రమాదాలన్నీ వరసగా రాస్తే ఇలాంటి పుస్తకాలు ఎన్ని నిండుతాయో లెక్క కట్టలేను, లెక్కలు కట్టడమే వృత్తైనా. జరిగిందాన్ని అందరూ చూస్తారు. జరగనిదాన్ని ఎవరు చూస్తారు, చేసినవాళ్లు తప్ప? వాళ్లు కూడా రాసుకోకపోతే ఇంక అది ఎక్కడుంటుంది?

"పెన్నివ్వండి సర్" అన్నాను.

ఇచ్చారు. గుండ్రటి అక్షరాలతో, కొట్టివేతలు లేకుండా రాశాను.

"10:43. పెద్ద వాల్వు తెరవమని ఆదేశం. రెండు ట్యాంకుల మధ్య తేడా నలభై నాలుగు పాయింట్లు. ఏమీ జరగలేదు. జరగకుండా ఆపినవారు: బి. హైమవతి, మల్లన్న."